మాడు వాసన

క్యాంటీన్‌లో అందరూ ఆమెను పెద్దచెయ్యి అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఆసుపత్రి క్యాంటీన్‌లో పదమూడేళ్ళపాటు పూటకు మూడు వందల మందికి వండిన మనిషి. ఆ అలవాటు చొప్పున ఇంట్లో నలుగురికి వండినా ఇంకో ఆరుగురికి మిగిలేది. "మనింటికి చుట్టాలు రారు గానీ, చుట్టాలకి సరిపడా వంట మాత్రం రోజూ తయారు" అని భర్త నవ్వేవాడు. మిగిలినదంతా మర్నాడు డబ్బాలకెత్తుకుని తన తాళాల కొట్టుకు పట్టుకెళ్ళి పక్క కొట్లవాళ్ళకు పంచేవాడు.

ఆ నవ్వులాటలు ఐదు నెలల కిందటివి.

ముప్పై ఎనిమిదో ఏట, ఏ కారణమూ లేకుండా ఆమెకు ఫిట్స్ మొదలయ్యాయి. మొదటిసారి క్యాంటీన్‌లోనే పడిపోయింది. కాగుతున్న గంగాళం ముందుంది, మనిషి వెనక్కి పడింది. ముందుకు పడి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు గానీ, మర్నాటి నుంచి ఆమెను కూరగాయలు తరిగే బల్ల దగ్గరకు మార్చారు. వారం తిరక్కుండానే కత్తి కూడా వద్దన్నారు. నెలాఖరుకు మేనేజరు కాఫీ ఇప్పించి, ఎంతో మర్యాదగా, ఆరోగ్యం కుదుటపడ్డాక కబురు చేయమన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో ఆమెకు తెలుసు.

రెండోసారి ఇంట్లో. పొయ్యి మీంచి సూపు గిన్నె దించబోతూ పడింది. ఎడమ ముంజేయి మోచేతిదాకా కాలింది. అప్పుడు వంటగదిలో ఉన్నది పదకొండేళ్ళ కూతురు బుల్లి ఒక్కతే. ఆమెకు తెలివి వచ్చేసరికి పిల్ల గోడకు అతుక్కుని నిలబడి ఉంది. నోరు తెరుచుకుని ఉంది గానీ శబ్దం రావడం లేదు. కాలిన చెయ్యి నెలలో మానింది. పిల్ల మొహంలోని ఆ బెదురు మాత్రం అలాగే ఉండిపోయింది. అప్పటినుంచి తల్లి ఒక్క క్షణం కిటికీలోంచి అలా చూస్తూ ఉండిపోయినా చాలు, వెనకనుంచి "అమ్మా?" అని పిలుపు. "ఊఁ" అనాలి. వెంటనే అనాలి. ఆలస్యమైతే పిల్ల పరుగెత్తుకొచ్చేది. రోజుకు ఇరవైసార్లు ఇదే తంతు.

రెండోసారి పడ్డాక, భర్త అక్కగారు తను పనిచేసే లాండ్రీకి సెలవు పెట్టింది. ఆవిడ ఎప్పటినుంచో వీళ్ళతోనే ఉంటోంది. మనిషి పొడుగు, మాట పొట్టి. మరదలు వంటగదిలో ఉన్నంతసేపూ గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చునేది. భర్త తన విద్యంతా చూపించి గ్యాస్ వాల్వుకు చిన్న తాళం బిగించాడు. తాళంచెవి వదిన మెడలో గొలుసుకు వేలాడేది. మూడు వందల మందికి వండిన మనిషి, టీ పెట్టుకోవాలంటే వదిన మెడవంక చూడాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, వాసన ఒక ఎత్తు.

ఫిట్స్ వచ్చే ముందు ఆమెకు మాడు వాసన వస్తుంది. పాలు అడుగంటితే వస్తుందే, సరిగ్గా అది. ఎక్కడా ఏమీ మాడదు. ఆ వాసన వచ్చిన అరనిమిషానికో నిమిషానికో పడిపోతుంది. డాక్టరు విని సంతోషించాడు. "ఇది హెచ్చరిక. చాలామందికి ఇది కూడా ఉండదు. వాసన రాగానే నేల మీద పక్కకి తిరిగి పడుకోండి. మీరు అదృష్టవంతులు" అన్నాడు.

అదృష్టం ఎలాంటిదంటే, పదమూడేళ్ళుగా మాడు వాసన తగిలితే ఆమె కాళ్ళు పొయ్యి వైపు పరుగెత్తేవి. ఇప్పుడు అదే వాసనకు పొయ్యికి దూరంగా జరగాలి. మరి నిజంగానే ఏదైనా మాడుతుంటే? అది తేల్చుకునేంత వ్యవధి ఉండదు. ఒకసారి ఉల్లిపాయలు వేగుతున్నప్పుడు వాసన తగిలి నేల మీద పడుకుంది. ఏమీ రాలేదు. లేచేసరికి ఉల్లిపాయలు బొగ్గులయ్యాయి. ఇంకోసారి కూడా అంతే. వదిన గుమ్మంలో ఉండి కూడా అది నిజం వాసనో కాదో చెప్పలేకపోయింది. లాండ్రీ మందుల మధ్య ఇరవై ఏళ్ళు పనిచేసి ఆవిడ ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది.

అలా రోజులు గడుస్తుండగా లాండ్రీ నుంచి కబురొచ్చింది. వచ్చే సోమవారం లోపు పనిలో చేరకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని.

"మానేస్తాను" అంది వదిన.

"వద్దు వదినా. నా మూలంగా మీ పని కూడా పోతే నేను ఈ ఇంట్లో తలెత్తుకు తిరగలేను" అంది ఆమె.

భర్తకు ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. రెండు రోజులు అలాగే తిరిగి, మూడో రోజు ఒక రంగుల కాగితం తెచ్చి బల్లమీద పరిచాడు. ఎవరింట్లోనో తలుపు తాళం మార్చడానికి వెళ్తే అక్కడ ఆ మిషన్ చూశాడట. వంట మిషన్. తరుగుతుంది, తూస్తుంది, కలుపుతుంది, ఉడికిస్తుంది, పిండి పిసుకుతుంది. మంట ఉండదు.

"మూతకి లాకుంది చూడు. లోపల వేడిగా ఉన్నంతసేపు తెరుచుకోదు. నేను రెండుసార్లు లాగి చూశాను. మంచి లాకు చేశారు" అన్నాడు. తాళాలవాడి నోట అంతకన్నా మెప్పు లేదు.

కాగితం అడుగున ధర ఉంది. వదిన అది చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

"దీనికి జీతం ఇవ్వక్కర్లేదా?" అంది.

"పద్నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకుని వాడి చూడొచ్చట. నచ్చకపోతే పట్టుకెళ్ళిపోతారు. అప్పటిదాకా ఏమీ కట్టక్కర్లేదు."

మర్నాడే కంపెనీ అమ్మాయి వచ్చింది. తెల్ల కోటు, చక్రాల పెట్టె, అలసట కనపడకుండా నవ్వే మొహం. చేతిలో ప్రశ్నల కాగితం. ఇంట్లో ఎంతమంది? రోజుకు ఎన్నిసార్లు వండుతారు? వంటగట్టు వెడల్పెంత? కొలిచింది కూడా. గట్టు దగ్గర ఉన్న ఒక్క ప్లగ్గు ఫ్రిజ్‌కు పోయింది. భర్త కొట్టులోంచి ఒక పొడుగు వైరు బోర్డు తెచ్చి, అవతలి గోడ ప్లగ్గునుంచి డబ్బాల వెనకగా లాగి పెట్టాడు. "సరిపోతుందిగా?" అన్నాడు. మిషన్ కాలు సరిచేస్తూ, "వైరు అందితే చాలండీ" అంది ఆ అమ్మాయి.

గుమ్మడికాయ సూపు చేసి చూపించింది. మిషన్ బొంయ్యిమని తిరిగింది, ఆగింది, తెరమీద అక్షరాలు చూపించింది. ఉల్లిపాయలు వేయండి. మూత పెట్టండి.

"నాకే చెబుతోంది" అని గొణిగింది పెద్దచెయ్యి. గిన్నెలోకి తొంగిచూసి, "ఇది గిన్నెనా, గరిటెనా?" అంది. నెలల తర్వాత ఆ ఇంట్లో అందరూ నవ్వారు. బుల్లి కూడా నవ్వింది, ఒక కన్ను తల్లి మీదే ఉంచి.

ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే. "మాడుతుందా?"

"మాడదు మేడమ్. అడుగు వేడిని అదే కొలుచుకుంటుంది. కలుపుతూనే ఉంటుంది. అయిపోగానే ఆగిపోతుంది."

"మర్చిపోయి వదిలేస్తే?"

"మాడదు."

"గంట వదిలేస్తే?"

"ఎంతసేపైనా సరే మేడమ్. దీంట్లో మాడిన వంట నేనింతవరకూ చూడలేదు."

అదే మాట మూడుసార్లు ఎందుకు అడిగిందో ఎవరికీ అర్థం కాలేదు. ఆ అమ్మాయి వెళ్ళాక గిన్నెలు తుడుస్తూ వదినతో చెప్పింది. "ఇది మాడదు కదా వదినా. అంటే ఇకమీదట ఇంట్లో మాడు వాసన వచ్చిందంటే అది నా తలలోంచే వచ్చినట్టు. అనుమానమే ఉండదు. చప్పున పడుకుంటాను. వంట దాని మానాన అది అవుతుంది. మీరు పనికి వెళ్ళొచ్చు."

వదిన చాలాసేపు ఒకే గిన్నె తుడిచింది. "చెప్పడానికి బాగానే ఉంది" అంది చివరికి.

మొదటి రోజుల్లో మిషన్ అంటే ఆమెకు భయమే. చప్పుడు చేసినప్పుడల్లా ఉలిక్కిపడేది. దానిముందు చేతులు కట్టుకుని, కొత్తగా చేరిన వంటమనిషిని చూసినట్టు అనుమానంగా చూసేది. నాలుగో రోజుకు దానికి తెలియకుండా తెరమీద చెప్పినదానికన్నా ఉప్పు ఎక్కువ వేయడం మొదలుపెట్టింది. ఐదో రోజున గ్యాస్ తాళంచెవి సంగతి ఇద్దరూ మర్చిపోయారు. ఆరో రోజు, సోమవారం, వదిన లాండ్రీకి వెళ్ళింది.

ఆ ఉదయం భర్త చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "వెళ్ళనా?" అన్నాడు.

"వెళ్ళండి."

"వెళ్తున్నా మరి." మెట్లు నాలుగు దిగి మళ్ళీ ఎక్కి వచ్చాడు. "ఫోన్ ఎక్కడుంది?"

"బొడ్లో దోపుకున్నాను. వెళ్ళండి."

తలుపు వేసుకున్నాక ఇల్లంతా నిశ్శబ్దమైంది. ఆమె ఒక్కొక్క గదిలోకీ వెళ్ళి, ఇక్కడ పడితే తల దేనికి తగులుతుందని చూసుకుంది. బల్ల మూలలకు పాత తువ్వాళ్ళు చుట్టింది. స్నానాలగది గడియ వేయకూడదని తనకు తనే చెప్పుకుంది. గంటకోసారి వదిన ఫోన్ చేసేది. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. "ఉన్నావా?" "ఉన్నాను." అంతే. మిగతా వేళంతా ఆమె గాలిని వాసన చూస్తూ గడిపేది. ఏ వాసనా లేదు. మాడు వాసన లేని రోజు గడిచిందంటే బతికి బయటపడ్డట్టే.

తొమ్మిదో రోజు బుల్లికి జలుబు, జ్వరం. బడి మానిపించి ముందుగదిలో పడుకోబెట్టారు. పిల్ల ముక్కు పూర్తిగా మూసుకుపోయి నోటితో ఊపిరి తీస్తోంది. పదకొండు దాటాక ఆమె బఠానీలు, క్యారెట్లు మిషన్‌లో పోసి సూపుకు పెట్టింది. ముప్పై ఐదు నిమిషాలు అని తెర చూపించింది. తువ్వాలు తడిపి పిల్ల నుదుటి మీద వేసి, పక్కనే కూర్చుంది.

మంచినీళ్ళు తేవడానికి లేచి వంటగది గుమ్మందాకా వెళ్ళింది. అక్కడ వాసన తగిలింది.

సన్నగా, ఘాటుగా, ఎక్కడో అడుగంటినట్టు.

ఆమె మిషన్ వైపు చూసింది. గిన్నె తన పాటికి తను తిరుగుతోంది. తెరమీద తొమ్మిది నిమిషాలు అని ఉంది. ఎర్ర గుర్తు ఏదీ లేదు. ఇది మాడదు. కాబట్టి ఇది అదే. ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరు. పిల్ల ఉంది.

"బుల్లీ" అని పిలిచింది. గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంది. "వస్తోందమ్మా. నేను పడుకుంటున్నాను. మనం అనుకున్నట్టే చెయ్యి."

పిల్ల మంచం దిగిన చప్పుడైంది. ఈ పాఠం వాళ్ళు ఎన్నోసార్లు వల్లించారు. దిండు తల కింద పెట్టాలి. కుర్చీ జరపాలి. అమ్మను పట్టుకోకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు. గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సుకు ఫోన్ చేయాలి.

రెండు గదుల మధ్య నడవలో ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. పిల్ల దిండు పెట్టింది. దాని చేతులు జ్వరంతో కాలిపోతున్నాయి. గడియారం ఒళ్ళో పెట్టుకుని ఆమె వెనకాల కూర్చుంది.

ఆమె కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. ఎదురుచూడడమే అన్నిటికన్నా కష్టం. తెలివి ఎప్పుడు పోతుందో తనకు తెలియదు. పోయాక తన మొహం ఎలా ఉంటుందో తెలియదు. అది చూసేది మాత్రం ఈ పిల్ల.

"ఎంతయింది?"

"నిమిషంన్నర."

ఎప్పుడూ ఇంతసేపు పట్టలేదు. వాసన పోలేదు సరికదా, చిక్కబడుతోంది. గొంతులో అంటుకుంటోంది. ఈసారి పెద్దది వస్తోంది కాబోలు అనుకుంది. డాక్టరు ఒకసారి అన్నాడు, కొందరికి ఆగకుండా వస్తూనే ఉంటుందని. ఆ మాట అప్పుడు వినీ విననట్టు వదిలేసింది. ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

"ఎంతయింది?"

"మూడు. అమ్మా, రాలేదేం?"

"వస్తుంది. నువ్వు భయపడకు. అత్తకి ఫోన్ చెయ్యి."

పిల్ల ఫోన్ నొక్కింది. అవతల మోగుతూనే ఉంది. లాండ్రీ మిషన్ల హోరులో వదినకు వినపడలేదు. ఆమె గోడమీది పెచ్చు వైపు చూస్తూ, తెలివి ఉందా లేదా అని తనను తనే పరీక్షించుకుంది. క్యాంటీన్‌లో పనిచేసిన వాళ్ళ పేర్లు వరసగా అనుకుంది. అందరూ గుర్తొస్తున్నారు. ఇంత తెలివిగా ఎప్పుడూ లేదు. అదే మరీ భయంగా ఉంది.

వెనక పిల్ల దగ్గింది. ముక్కు గట్టిగా చీదింది. మళ్ళీ దగ్గింది.

"అమ్మా" అంది మెల్లిగా. "నాకూ వాసన వస్తోంది."

ఆమెకు ఒక్క క్షణం ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక పై ప్రాణాలు పైనే పోయాయి. తన తలలోని వాసన పిల్లకు రాదు.

ఇటు తిరిగి చూసింది. వంటగదిలో మిషన్ వెనక, డబ్బాల సందుల్లోంచి, గోధుమరంగు పొగ గోడ పలకల మీదుగా పాకుతూ పైకి పోతోంది. మిషన్ మాత్రం ఏమీ ఎరగనట్టు కలుపుతూనే ఉంది. ఐదు నిమిషాలు అని చూపిస్తోంది.

"బుల్లీ, బయటికి పో. మెట్లమీదికి."

"నువ్వు పడిపోతే?"

"పడితే పడతాను. నువ్వు పో."

"నేను పోను."

ఆమె పిల్లను రెక్క పట్టుకుని లేవదీసి, తలుపు తీసి, బయట నిలబెట్టింది. "ఇక్కడినుంచి అంకెలు లెక్కపెడుతూ ఉండు. గట్టిగా. నాకు వినపడాలి. రెండు వందలైనా నేను రాకపోతే కిందికి పరుగెత్తి ఎవరినైనా పిలు." ఆ ఏడుపు మొహం వైపు ఇక చూడకుండా వెనక్కి తిరిగింది.

మెయిన్ స్విచ్చు గుమ్మం పైన ఉంది. అందదు. స్టూలు ఎక్కాలి. డాక్టరు కాగితం మీద మొట్టమొదట రాసింది అదే: ఎత్తు ఎక్కకూడదు. ఆమె స్టూలు లాగింది, ఒక కాలు పెట్టింది. బయటనుంచి పిల్ల గొంతు. పదకొండు. పన్నెండు. ఇప్పుడు వస్తే వెనక్కి పడి తల నేలకు కొట్టుకుంటుంది. రెండో కాలు పెట్టింది. ఒక చేత్తో తలుపు చట్రం పట్టుకుని, ఇంకో చెయ్యి చాపి స్విచ్చు కిందికి లాగింది. వంటగదిలో బొంయ్యిమనే చప్పుడు ఆగిపోయింది.

దిగి వంటగదిలోకి వెళ్ళేసరికి పొగలో ఎర్రగా ఏదో నాలుక చాపింది. బోర్డు కరిగి వంకర తిరిగింది. పక్కనున్న డబ్బా మూత అంటుకుంది. ఆమె నోటికి పైట అడ్డం పెట్టుకుంది. ఇక్కడినుంచి ఆమె చేతులు ఆమెను అడగలేదు. క్యాంటీన్‌లో ఇలాంటివి ఎన్ని ఆర్పాయో. నీళ్ళు కాదు. పిండి కాదు. ఉప్పు డబ్బా అందుకుని, చిటికెలు పిడికిళ్ళు కాకుండా, డబ్బాకు డబ్బా తలకిందులు చేసి గుమ్మరించింది. ఇంకో పాకెట్టు చింపి పోసింది. పెద్ద ఇనుప మూత తెచ్చి దానిమీద బోర్లించి గట్టిగా అదిమి పట్టుకుంది. మూత అంచు వేళ్ళకు చురుక్కుమంది. వదలలేదు. బయట పిల్ల తొంభై ఏడు, తొంభై ఎనిమిది అంటోంది.

నూట నలభై దగ్గర ఆమె బయటికి వచ్చింది. పిల్ల లెక్క ఆపలేదు. తల్లి పక్కన కూర్చుని దగ్గరకు లాక్కున్నాక కూడా నూట అరవైదాకా లెక్కపెట్టింది. ఇద్దరూ మెట్లమీద కూర్చున్నారు. వచ్చే ఫిట్స్ ఇప్పుడు వస్తుందేమో అని ఆమె మెట్టు అంచు పట్టుకుని చూసింది. రాలేదు. ఒళ్ళంతా వణుకుతోంది గానీ అది భయం వణుకు మాత్రమే.

ఫోన్ అందగానే భర్త కొట్టుకు తాళం వేయడం కూడా మర్చిపోయి పరుగెత్తుకొచ్చాడు. తాళాలవాడి కొట్టు బార్లా తెరిచి ఉందని వీధంతా వింతగా చెప్పుకున్నారట. వంటగదిలో నల్లబడిన గోడనూ, ఉప్పు కుప్పనూ చూసి అక్కడే కూలబడ్డాడు. "ఆ బోర్డు పెట్టింది నేను" అన్నాడు.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చాడు. పెద్దవాడు, తొందరలేని మనిషి. గోడలోని ప్లగ్గు విప్పి, పెళుసెక్కిన వైరు ముక్క కోసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"మిషన్‌కేం కాలేదు. దాని తప్పేం లేదు. ఈ వైరు దీపాలకీ ఫ్యాన్లకీ వేసింది, ఎప్పుడో నలభై ఏళ్ళ కిందట. దీనిమీద ఇంత వేడి మిషన్ పెడితే ఎడ్లబండికి రైలుపెట్టె కట్టినట్టే. కావాలంటే కింద మీటరు నుంచి వేరే లైను లాగాలి."

"మాకెవరూ చెప్పలేదు" అన్నాడు భర్త.

"మీరెవర్నీ అడగలేదు కదా" అన్నాడు ఎలక్ట్రీషియన్, నొప్పించాలని కాదు.

కంపెనీ అమ్మాయి పద్నాలుగో రోజు వచ్చింది. ఫోన్‌లోనే సంగతి విన్నది కాబోలు, ఈసారి నవ్వు మొహం లేదు. నల్లబడిన గోడ ముందు చాలాసేపు నిలబడింది. "వైరింగు ఎప్పటిదని నేను అడగాల్సింది. మా ప్రశ్నల కాగితంలో అది లేదు" అంది. తర్వాత, "ఉన్నా లేకపోయినా అడగాల్సింది" అంది. ఆ అమ్మాయి మీద ఎవరికీ కోపం రాలేదు.

పెట్టె తెరిచి, "ఏం చేయమంటారు మేడమ్?" అని అడిగింది. అందరూ పెద్దచెయ్యి వైపు చూశారు. ఫిట్స్ మొదలైన దగ్గరనుంచీ ఆ ఇంట్లో ఏం చేయాలో ఆమెను అడిగింది అదే మొదలు.

"పట్టుకెళ్ళిపోండి" అన్నాడు భర్త ఉండబట్టలేక. "దాన్ని చూస్తేనే నాకు కాళ్ళు వణుకుతున్నాయి."

"ఉంచుదామంటే కొత్త లైను వేయించవచ్చు" అంది వదిన. "లేదంటే నేను మళ్ళీ స్టూలు వేసుకుంటాను. ఏదైనా నాకు ఒకటే."

ఆమె మిషన్ మూత తీసింది, పెట్టింది.

"దీని పని ఇది బాగానే చేసింది" అంది. "దీన్ని నేనేమీ అనను. కానీ దీన్ని నమ్మి, కళ్ళముందు ఇల్లు అంటుకుంటుంటే నేలమీద పడుకున్నాను. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని మరీ. ఇది మాడదు అన్న మాట ఇంకో రెండు నిమిషాలు పట్టుకుని ఉంటే..." ఆగింది. "ఇది ఇక్కడున్నంత కాలం నాకు వాసన వచ్చినప్పుడల్లా ఆ రోజే గుర్తొస్తుంది. పడుకోవాలో లేవాలో తెలియదు. అప్పుడు రెండూ చెయ్యలేను. తీసుకెళ్ళమ్మా."

"లైను మాత్రం వేయించండి" అంది భర్తతో. "మిషన్ ఉన్నా లేకపోయినా ఆ గోడలో ఉన్నది అదే వైరు."

అలా వంట మిషన్ చక్రాల పెట్టెలో మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ వారమే ఎలక్ట్రీషియన్ గోడలు చెక్కి కొత్త వైరు లాగాడు. మూడు రోజులు ఇల్లంతా సున్నం ధూళి. వదిన లాండ్రీలో మాట్లాడి తన వంతు పది గంటలకు మార్పించుకుంది. పొద్దున్నే వదినా మరదళ్ళు కలిసి రోజంతటికీ వండేసి, ఫ్లాస్కుల్లో సర్దేసేవారు. ఆవిడ వెళ్ళాక ఇంట్లో నిప్పన్నది ఉండదు. మధ్యాహ్నం సూపు గోరువెచ్చగా ఉండేది. గోరువెచ్చని సూపు క్యాంటీన్‌లో ఎవరికైనా పెట్టి ఉంటే ఆమె సిగ్గుతో చచ్చిపోయేది. ఇప్పుడు మాట్లాడకుండా తాగేసేది.

మూడు వారాల తర్వాత ఫిట్స్ వచ్చింది. ఉదయం, వంట ఇంకా మొదలుపెట్టకముందు, కిటికీ దగ్గర నిలబడి తల దువ్వుకుంటుండగా. కళ్ళు తెరిచేసరికి వదిన ఒళ్ళో తల ఉంది. నాలుక కొరుక్కుంది. దువ్వెన ఎక్కడో పడిపోయింది.

"వాసన వచ్చిందా?" అంది వదిన.

ఆమె ఆలోచించింది. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. "రాలేదు" అంది.

ఆ వాసన మీదే కదా ఇన్నాళ్ళూ ఇల్లంతా ఆశ పెట్టుకుంది. ఇప్పుడు ఫిట్స్ ఆ వాసన కూడా లేకుండా వస్తోంది. వదిన ఆమె జుట్టు చేత్తో సర్దింది.

"బుల్లికి చెప్పొద్దు వదినా."

"చెప్పాలి" అంది వదిన. "వాసన లేకుండా కూడా వస్తుందని దానికి తెలియకపోతే ఎలా?"

డాక్టరు మాత్ర మార్చాడు. కొత్తది పనిచేస్తుందో లేదో తెలియడానికి రెండు నెలలు పడుతుందన్నాడు. సాయంత్రం బుల్లి బడినుంచి వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆమె స్వయంగా చెప్పింది, ఏదీ దాచకుండా. పిల్ల అంతా విన్నది. మొహం పాలిపోయింది గానీ ఏడవలేదు.

"ఎంతసేపు?" అని అడిగింది.

"రెండు నిమిషాలట. అత్త చూసింది."

"అత్త నిన్ను పట్టుకోలేదుగా?"

"లేదు. దిండు పెట్టిందంతే."

పిల్ల తల ఊపింది. ముందుగదిలోకి వెళ్ళి పుస్తకాల సంచి ఈడ్చుకుంటూ తెచ్చుకుని, తల ఎత్తితే తల్లి కనపడేలా బల్లకు ఎదురుగా కుర్చీ లాక్కుని లెక్కల పుస్తకం తెరిచింది.